రోగిశయ్య చుట్టును నిలిచినవారు



మన పాఠశాలనుండి యేటేట కొందఱు బాలికలును బాలురును నర్సు శిక్షణకును వైద్యవిద్యకును పోవుచున్నారు. రోగిని స్వస్థపఱచుటయే తమ పని యని వారు తలంతురు. అది సత్యమే. కాని యిక స్వస్థత కలుగదని తేలిపోయిన రోగి ప్రతి ఆసుపత్రియందును ఒకడైనను ఉండును. ఇతనికి చేయవలసినది మఱేమియు లేదని వైద్యుడు గది దాటిపోయిన పిమ్మట నిజముగా చేయవలసిన పని యెంత మిగిలియున్నదో, ఆ పని యొక్కరివలన ఏల కానేరదో, ఈ పాఠమునందు తెలిసికొందము.

ఇట్టి రోగుల సేవకు రెండు పేర్లు వాడుకలో నున్నవి. మొదటిది హాస్పిస్. లాటిను భాషలో హాస్పెస్ అను మాటకు అతిథి యనియు, అతిథిని చేర్చుకొనువాడనియు రెండర్థములు కలవు. పూర్వము యూరపు ఖండమున బడలి వచ్చిన యాత్రికులను చేర్చుకొని అన్నము పెట్టిన యిండ్లకు ఈ పేరుండెను. అవి మన సత్రముల వంటివి. రెండవది పాలియేటివ్ సేవ. పాలియమ్ అనగా పైన కప్పుకొను వస్త్రము. చలికి వణకువానిపై దుప్పటి కప్పినట్లు, రోగమును తీసివేయలేకపోయినను బాధను తగ్గించుట యని భావము. 1970వ దశాబ్దమున కెనడా దేశపు మాంట్రియల్ నగరమందలి వైద్యుడు బాల్ఫర్ మౌంట్ ఈ పేరును వ్యాప్తిలోనికి తెచ్చెను. అచ్చటి ఫ్రెంచివారి వాడుకలో హాస్పిస్ అనగా దిక్కులేనివారిని ఉంచు ఇల్లని తోచుటయే దానికి కారణము. తెలుగున దీనిని ఉపశమన సేవ యందురు.

ఈ సేవకు నేటి రూపమిచ్చిన స్త్రీ సిసిలీ సాండర్స్. ఆమె 1918వ సంవత్సరము జూన్ 22వ తేదీన లండను చెంత బార్నెట్ అను చోట జన్మించెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదువుచుండగా రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. ఆమె చదువు నడుమ విడిచి, 1940లో సెయింట్ తామస్ ఆసుపత్రియందలి ఫ్లారెన్స్ నైటింగేల్ పాఠశాలలో నర్సు శిక్షణకు చేరెను. శిక్షణ ముగిసినది గాని వెన్నునొప్పి యామెను ఆ పని చేయనీయలేదు. ఆమె మరల చదువునకు పోయి పట్టము పొంది ఆల్మనర్ ఆయెను. ఆల్మనర్ అనగా రోగి యింటి పరిస్థితి యెట్లున్నదో, అప్పులెంతవో, బిడ్డల నెవరు చూచెదరో విచారించి సాయము కూర్చు ఆసుపత్రి యుద్యోగి. నేడు ఆ పనివారిని వైద్య సామాజిక కార్యకర్తలనుచున్నారు.

ఆ యుద్యోగమున నుండగా 1947లో ఆమెకు డేవిడ్ టాస్మా అను రోగితో పరిచయమయ్యెను. అతడు వార్సా నగరమునుండి వచ్చిన యూదుడు, భోజనశాలలో వడ్డించువాడు, లండనులో బంధువు లెవరును లేనివాడు. అతనికి రాచపుండు, అనగా కాన్సరు వ్యాధి, ముదిరియుండెను. ఆమె ఆసుపత్రికి పోయి అతని శయ్యయొద్ద కూర్చుండి పలుమారులు మాటలాడెను. బాధతో మరణించువారికి ఎట్టి యిల్లు ఉండవలయునో ఆ యిరువురును కలిసి యాలోచించుకొనిరి. ఒకనాడు అతడు తనకు ఊరట కలిగించు మాట యేదైన చెప్పుమని యడిగెను. ఆమె పుస్తకము తెఱచి చదువబోగా, అది వలదనియు, ఆమె మనస్సునందును హృదయమునందును ఉన్నదియే తనకు కావలయుననియు చెప్పెను. 1948 ఫిబ్రవరిలో, నలువదవ యేట, అతడు మరణించెను. తనకున్న దానిలో 500 పౌనులు ఆమె పేర వ్రాసి, ఆమె కట్టబోవు ఇంటిలో తాను ఒక కిటికీనై యుందునని చెప్పిపోయెను. ఆ యిల్లు లేచుటకు తరువాత పందొమ్మిది సంవత్సరములు పట్టెను.

మరణోన్ముఖులకు సేవ చేయవలెనను తలంపుతో ఆమె నార్మన్ బారెట్ అను శస్త్రవైద్యుని సలహా యడిగెను. మరణించువారిని విడిచిపోవువారు వైద్యులే కనుక ముందు వైద్యము చదువుమని యతడు చెప్పెను. ఆమె ముప్పది మూడవ యేట వైద్యకళాశాలలో చేరి 1957లో వైద్యురాలయ్యెను. ఈ రీతిగా నర్సు, ఆల్మనర్, వైద్యురాలు అను ముగ్గురును ఒక్క మనిషియందే కూడిరి. ఇంతటి యర్హత గలవారు తామొక్కరే అన్నియు చక్కబెట్టగలమని తలంచుట సహజము. ఆమె యట్లు తలంపలేదు. మూడు వృత్తులను ఎఱిగినది గనుకనే, ఒక్కొక్క వృత్తివారి కన్ను దేనిని చూచునో, దేనిని చూడకుండ దాటిపోవునో ఆమెకు బాగుగ తెలిసెను.

ఇచ్చట మందును గుఱించి కొంచెము చెప్పవలెను. ఆ కాలమున పెక్కు ఆసుపత్రులలో రోగి నొప్పి భరింపలేక మొఱ్ఱపెట్టిన పిమ్మటనే మార్ఫిన్ ఇచ్చుచుండిరి. మార్ఫిన్ నల్లమందునుండి తీయబడు ఔషధము. అలవాటగునేమో యని వైద్యులు దానికి భయపడుచుండిరి. కాబట్టి రోగి నొప్పి వచ్చువఱకు దానికొఱకు భయపడుచును, వచ్చిన పిమ్మట నర్సును వేడుకొనుచును దినము గడుపవలసి యుండెను. లండనులోని సెయింట్ లూక్ గృహమున మాత్రము మందును గడియారముననుసరించి, నొప్పి తిరుగబడక మునుపే యిచ్చుట సాండర్స్ చూచెను. 1958 మొదలు ఏడేండ్లు ఐరిష్ కన్యాస్త్రీలు నడపు సెయింట్ జోసఫ్ హాస్పిస్‌లో పని చేయుచు, ఆమె యీ పద్ధతినే అమలుపఱచి, వేయిమందికి పైగా రోగుల వివరములు వ్రాసియుంచెను. వారి మాటలను యంత్రముపై పట్టి మరల మరల వినెను. నాలుగు గంటలకొకమారు నోటి ద్వారా మందు పుచ్చుకొనువారు మత్తులో పడియుండక మెలకువతో మాటలాడుచుండుటయు, మోతాదు హద్దు లేక పెరిగిపోకుండుటయు తేలెను. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కాన్సరు నొప్పికి ప్రకటించిన పద్ధతియందును, మందు నోటి ద్వారా, వేళ తప్పక ఇయ్యవలెననుట ముఖ్యాంశము.

ఆ సంభాషణలలో ఆమె నేర్చినది మందును మించినది. నొప్పి యెట్లున్నదని యొక స్త్రీని అడుగగా, అది వెన్నున మొదలైనదనియు, ఇప్పుడు తన సర్వమును చెడినట్లున్నదనియు ఆమె చెప్పెను. భర్తయు కుమారుడును ఎంత మంచివారైనను ఉద్యోగములు మాని, ధనము పోగొట్టుకొనవలసి వచ్చెనని ఆమె చెప్పెను. ఒక్క ప్రశ్నకు వచ్చిన యీ యుత్తరమునందు దేహబాధయు, మనోవ్యథయు, ఇంటి చిక్కులును కలిసియుండుట సాండర్స్ గ్రహించెను. వీనికి తోడు, నా బ్రదుకున కర్థమేమి, దేవుడు నన్ను విడిచెనా యను ఆత్మవేదనయు కలదు. ఈ నాల్గింటిని కలిపి ఆమె సంపూర్ణ వేదన యని పేరుపెట్టెను. వేదన నాలుగు పాయలుగా నుండగా దానికి ఎదురు నిలుచువారు ఒక్క వృత్తివారు కాజాలరు. వైద్యుడు, నర్సు, సామాజిక కార్యకర్త, పాస్టరు, కాళ్లుచేతులు కదలింప నేర్పువారు, స్వచ్ఛంద సేవకులు, వీరందఱితోపాటు రోగి కుటుంబమువారు, ఒక బృందము కావలెను. 1967లో లండనునకు ఆగ్నేయమున సిడెన్‌హామ్‌లో తెఱవబడిన సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్ ఈ యాలోచనపైననే నిలిచినది. క్రిస్టఫర్ భక్తుడు ప్రయాణికులకు రక్షకుడని క్రైస్తవ ప్రతీతి. రెండేండ్లలో, అనగా 1969లో, ఆ గృహమువారు రోగుల యిండ్లకు పోయి సేవచేయుటయు మొదలిడిరి.

పలువురు కూడినంతమాత్రమున బృందము కాదు. సంతలో నూఱుగురు కూడుదురు. ఒకరు విన్నది మఱొకరికి చేరినప్పుడే బృందమగును. దీనిని బోధపఱచుటకై ఒక యుదాహరణము కల్పించి చెప్పెదను.

ఒక నేతపనివాడు కడుపులో రాచపుండుతో ఆసుపత్రియం దున్నాడనుకొనుడు. నాలుగు గంటలకొకమారు మార్ఫిన్ ఇచ్చుచున్నారు. పగలు నెమ్మదిగా నుండును. రాత్రి తొమ్మిది దాటగానే కేకలు వేయును. వైద్యుడు ఉదయమున వచ్చి రాత్రి డ్యూటీవారి చీటి చూచి మోతాదు పెంచెను. ఇప్పుడు రోగి పగలు నిద్రమత్తులో పడియుండుచున్నాడు గాని రాత్రి కేకలు మానలేదు. వైద్యుడు మరల పెంచవలెనా? అతనికి తెలిసినంతవఱకు వేఱు దారి లేదు.

కాని ఆ రోగికి ఐదు దినములనుండి విరేచనము కాలేదని పగటి నర్సునకు తెలియును. మార్ఫిన్ వలన మలబద్ధము కలుగుట సర్వసాధారణము. దానితోడనే విరేచనకారి మందు ఇయ్యవలెను. మూడు రాత్రుల క్రిందట ప్రక్క మంచము మనిషి చీకటిలో ఎవరును చూడకుండ మరణించెననియు, అప్పటినుండి ఇతడు కన్ను మూయుటకు భయపడుచున్నాడనియు వార్డు ఊడ్చు ఆయమ్మకు తెలియును. మగ్గముమీద షావుకారు వద్ద తెచ్చిన అడ్వాన్సు తీరలేదనియు, అది తన నెత్తిపై పడునని తండ్రి కుములుచున్నాడనియు కూతురు ఎఱుగును. ఆమె తొమ్మిది గంటలకు ఇంటికి పోవును. నేను చేసిన యే పాపమునకు ఇది యని అతడడిగిన ప్రశ్న పాస్టరుగారు విని ప్రార్థన చేసి పోయిరి. ఐదుగురియొద్ద ఐదు ముక్కలు ఉన్నవి. రోగి యొక్క కేక ఐదు ముక్కలు కలిసినది. వైద్యుడు ఒక్క ముక్కకు మందు వేయుచున్నాడు.

ఉదయమున పావుగంటసేపు వీరందఱును ఒకచోట కూర్చుండిరనుకొనుడు. మోతాదు వెనుకకు తగ్గును. విరేచనకారి మందు చేరును. మంచము దీపముండు ద్వారము చెంతకు మారును. రాత్రి తొమ్మిదినుండి నిద్రపట్టువఱకు ఎవరు దగ్గఱ కూర్చుండవలెనో నిర్ణయమగును. సామాజిక కార్యకర్త షావుకారును చూడబోవును. పాస్టరుగారు సాయంకాలము మరల వచ్చి, ఈ మారు ప్రార్థనకు ముందు ఆ ప్రశ్నను పూర్తిగా విందురు. వీనిలో ఖర్చుగల పని యొక్కటియు లేదు.

ఇట్టి కూటమి చెప్పినంత సులభము కాదని యొప్పుకొనవలెను. మన దేశమున పెద్దవారియెదుట చిన్నవారు నోరు మెదపరు. పెద్ద డాక్టరుగారు రౌండుకు వచ్చునప్పుడు ఆయమ్మ చీపురు ప్రక్కన పెట్టి గోడకంటి నిలుచును. ఆమెను ఎవరైన అడుగుదురా? అడిగినను చెప్పునా? నా యభిప్రాయమున, కూటమిలో ఆమెకు ఒక కుర్చీ వేయించి, మొదటి మాట ఆమెచేత చెప్పించుట బృందము నడపువాని పరీక్ష. పెద్దవాడు ముందు మాటలాడినయెడల తక్కినవారు ఔనండి యందురు. అంతటితో కూటమి ముగియును. ఆ కూటమియందు నిర్ణయించినదానిని ఒకరు కాగితముపై వ్రాయవలెను, రాత్రివారికి నోటితోను చెప్పవలెను. వ్రాతలో మోతాదు నిలుచును గాని, ఈ వేళ అతడు కూతురిమీద కోపముగా నున్నాడు, నెమ్మదిగా పలుకరింపుడు, అను మాట వ్రాతలో నిలువదు.

ఒక సందేహము కలుగవచ్చును. రోగి నమ్మి యొకరితో చెప్పిన రహస్యము అందఱికిని చెప్పవచ్చునా? చెప్పరాదు. నీవు చెప్పినది నర్సమ్మకు తెలిసిన నీకు మేలగును, చెప్పవచ్చునా యని అతనినే యడుగవలెను. పెక్కుమంది సరే యందురు. వలదన్నయెడల అది అచ్చటనే యుండవలెను.

ఇక ఈ విషయమంతటిలోను మిక్కిలి కఠినమైనదానికి వచ్చెదము. రోగికి సత్యము చెప్పుట యెట్లు?

మన యిండ్లలో వాడుక యేమనగా, వైద్యుడు రోగిని గదిలో నుంచి కుమారుని వరండాలోనికి పిలిచి చెప్పును. కుమారుడు, మా నాన్నగారికి చెప్పవద్దండి, గుండె పగిలిపోవును, అని వేడుకొనును. ఇది ప్రేమవలన పుట్టిన మాటయే. దానిని పరిహసింపరాదు. కాని దాని ఫలమును చూడుడు. వైద్యుడు చూచెదములే యనును, నర్సు నయమగుచున్నదనును, కుమారుడు వచ్చే పండుగకు లేచి తిరిగెదవనును, రోగి తన దేహము తనతో చెప్పుచున్నదానిని వినుచు ముగ్గురి ముఖములును చూచుచుండును. 1965లో గ్లేసర్, స్ట్రాస్ అను ఇద్దఱు అమెరికా సామాజిక శాస్త్రజ్ఞులు ఆసుపత్రులలో మరణించువారి చుట్టు జరుగు మాటలను పరిశీలించి యొక గ్రంథము ప్రకటించిరి. రోగికిని తెలియును, చుట్టునున్నవారికిని తెలియును, ఐనను ఎవరికిని తెలియనట్లు అందఱును నటించు స్థితి యొకటి కలదని వారు వర్ణించిరి. వారు చూచినది కాలిఫోర్నియా ఆసుపత్రులను. నేను చూచినది మా పెదనాన్నగారి మంచమును.

ఆయన పల్లెలో చిన్న సేద్యము గలవారు. అన్ననాళమున వ్యాధి. మేమందఱమును ఎఱుగుదుము. అల్సరని ఆయనకు చెప్పితిమి. ఆసుపత్రివారు మా కోరిక ప్రకారము అట్లే చెప్పిరి. ప్రార్థించుటకు వచ్చిన పెద్దలకును చెప్పలేదు గనుక వారు త్వరలోనే ఆరాధనకు రావలెనని ఆయనను ప్రోత్సహించి పోవుచుండిరి. ఒక సాయంకాలము నేనొక్కడనే యుండగా ఆయన, చెఱువు క్రింది చేను వచ్చే యేడు కౌలుకిమ్మని మీ అన్నతో చెప్పనా, అని యడిగెను. అది చేనును గుఱించిన ప్రశ్న కాదని నాకప్పుడే తెలిసెను. తెలిసియు, వచ్చే యేడు మీరే దగ్గఱుండి దున్నించెదరు పెదనాన్నా, అంటిని. ఆయన కొంతసేపు నన్ను చూచి, సరేలే నాయనా, అని గోడవైపు తిరిగి పండుకొనెను. తరువాత బ్రదికిన పదునెనిమిది దినములలో ఆ ప్రసంగము మరల తేలేదు.

ఆయన మార్చిలో మరణించెను. ఆగస్టునెలలో బట్టలపెట్టె సర్దుచుండగా లెక్కల పుస్తకము దొరకెను. అందు, మంచము పట్టకముందే వేసిన తేదీతో, ఎవరికి ఏమి యియ్యవలెనో, ఎవరినుండి ఏమి రావలెనో స్వహస్తముతో వ్రాసియుండెను. మాకందఱికిని ముందే ఆయనకు తెలిసినదన్నమాట. కడపటి పంక్తిలో, మా వీధిచివరి పిల్లవానికి ప్రతి జూన్‌లో తాను కట్టుచున్న హాస్టలు ఫీజు ఇకమీదట ఎవరు కట్టవలెనో వ్రాసియుండెను. ఆయన కట్టుచున్న సంగతి మాలో నెవరికిని తెలియదు. ఆ పుస్తకమును మా చేతికిచ్చినయెడల నాకు తెలియునని యొప్పుకొన్నట్లగును. మేము ఆ వాకిలి మూసితిమి. ఆయన మర్యాదగా బయటనే నిలిచిరి. మేము విచారింపగా ఆ పిల్లవాడు జూలైలోనే తలిదండ్రులతో ఇటుకబట్టీకి పోయెనని చెప్పిరి.

ఐతే సత్యమును రాయివలె విసరవచ్చునా? అదియు తప్పే. కెనడా వైద్యుడు రాబర్ట్ బక్‌మన్, అమెరికాలో పని చేయుచున్న వాల్టర్ బెయిల్ మొదలగువారు 2000వ సంవత్సరమున చెడువార్త చెప్పుటకు ఆఱు మెట్ల పద్ధతి నొకదానిని ప్రకటించిరి. నేడు పెక్కు వైద్యకళాశాలలలో దీనిని నేర్పుచున్నారు. మొదట నలుగురు తిరుగని చోట, రోగి కోరినవారిని ప్రక్కన నుంచుకొని, కూర్చుండవలెను. నిలుచుండి చెప్పువాడు పోవుటకు సిద్ధముగా నున్నాడని రోగికి తోచును. పిమ్మట చెప్పుటకు ముందు అడుగవలెను: మీ జబ్బును గుఱించి మీరేమనుకొనుచున్నారు? ఇచ్చటనే సగము పని తీరిపోవుట తఱచు. ఆ తరువాత, ఎంతవఱకు తెలిసికొనగోరుదురో అడుగవలెను. కొందఱు, నాకు వద్దు, నా కుమారునితో చెప్పుడు, అందురు. అదియు వారి హక్కే. వినగోరినవారికి చిన్న మాటలలో, శాస్త్రపదములు లేక, కొంచెము కొంచెముగా చెప్పవలెను. చెప్పి ఊరకుండవలెను. కన్నీరు వచ్చిన రానీయవలెను. దానిని తుడుచుటకై తొందరపడి మందుల ప్రసంగము తేరాదు. కడపట, ఇకమీద ఏమి చేయుదుమో చెప్పవలెను. నొప్పిని విడిచిపెట్టము, మిమ్ములను విడిచిపోము, అని. ఇవి ఆఱు మెట్లు. నాకు మూడవది, అనగా అడిగి చెప్పుట, అన్నిటికంటె గొప్పదని తోచును. మా పెదనాన్నగారు ఆ మెట్టు తామే యెక్కి మావైపు చేయి చాచిరి.

చెప్పవద్దని వేడుకొను కుమారునితో బృందమువారు జగడమాడరాదు. మీరు భయపడుచున్న దేమి, అని యడుగవలెను. మేము అడుగకయే చెప్పము, కాని వారే యడిగినయెడల అబద్ధము చెప్పలేము, అని మెల్లగా తెలుపవలెను. ఒకరితో నొకటియు మఱొకరితో వేఱొకటియు చెప్పకుండుటకై, ఏమి చెప్పబడినదో ఆ దినమే తక్కినవారందఱికిని తెలుపవలెను. పగలు వైద్యుడు మూడుమాటలలో సత్యము చెప్పిపోగా, రాత్రి తెలియని నర్సు, మీకేమి, రాయివలె నున్నారు, అన్నచో రోగి ఇద్దఱిని నమ్మడు.

ఈ సేవ మన దేశమునకు ఎట్లు వచ్చినదో చెప్పి ముగించెదను. 1986లో బొంబాయి నగరమున శాంతి అవేద్నా సదన్ అను హాస్పిస్ స్థాపింపబడెను. కాని 1985 నాటి మత్తుపదార్థముల చట్టముయొక్క కఠిన నిబంధనలవలన పెక్కు ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుటయే మానుకొనెను. రాజస్థానము, మధ్యప్రదేశములలో లైసెన్సుతో నల్లమందు పండించుచున్న మన దేశముననే మన రోగులకు అది దొరకకపోవుట విచిత్రము. 2014లో ఆ చట్టము సవరింపబడినది. 1993లో కేరళ దేశమందలి కోళికోడు వైద్యకళాశాలయందు డాక్టరు ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టరు సురేష్ కుమార్ మొదలగువారు ఒక సంఘము స్థాపించిరి. కొన్నియేండ్లకు వారికి తెలిసినదేమనగా, రోగి వైద్యునియొద్ద గడపునది నెలకు కొన్ని నిమిషములే. తక్కిన కాలమంతయు ఇంటిలో, ఇరుగుపొరుగువారి నడుమ గడపును. కాబట్టి ఆ పొరుగువారికే నేర్పిరి. మలప్పురము మొదలగు జిల్లాలలో గ్రామస్థులే చందాలు వేసికొని, శిక్షణ పొంది, మంచము పట్టినవారి యిండ్లకు పోవుచు, పుండు కడుగుట నేర్చి, ఇంటిలో బియ్యము లేకున్న బియ్యము చేర్చి, నొప్పి యెక్కువైనచో నర్సునకు తెలుపు ఏర్పాటు 2001 ప్రాంతమున వ్యాపించెను. 2008లో కేరళ ప్రభుత్వము దీనికి ప్రత్యేకమైన విధానమును ప్రకటించెను. మన హైదరాబాదునందలి ఎం. ఎన్. జె. కాన్సరు ఆసుపత్రియందును ఉపశమన సేవా విభాగము కలదు. తెలంగాణ జిల్లాలలోను ఇట్టి విభాగములు నెలకొల్పబడినవి.

కేరళలో ఈ పనికి విద్యార్థులును పోవుచున్నారు. మీలో నెవరైన పెద్దల వెంట ఇట్టి యింటికి పోయినయెడల, ద్వారముకడ నిలువబడక పీటయో చాపయో అడిగి కూర్చుండుడు. తగ్గిపోవునులే యనకుడు. ఏమియు తోచనిచో మాటలాడకుండుడు. కొందఱు రోగులకు ప్రక్కన నొకరు హోంవర్కు వ్రాసికొనుచుండుటయే చాలును. మంచినీళ్లు మ్రింగుటకు కష్టపడుచున్నారా, ప్రక్కలో ఒకవైపే పండుకొనుచున్నారా, మందు డబ్బా తెఱవకుండ నున్నదా, ఇంటిలో పొయ్యి వెలిగినదా, చూడుడు. చేను, కౌలు, పండుగ, మనుమరాలి పెండ్లి, ఏ పేరుతోనైనను వచ్చే యేటిని గుఱించి మిమ్ము ప్రశ్నించినయెడల వెంటనే బదులు చెప్పక, మీరేమనుకొనుచున్నారు తాతా, అని యడిగి ఆయన చెప్పునది వినుడు. ఇంటికి పోవుటకు ముందు ఆయన యనుమతి తీసికొని, విన్నది విన్నట్లుగా నర్సమ్మగారితో చెప్పుడు.